మొదటి ఇరవై సెకన్లు

పదకొండు నిమిషాలు, సిమియన్ అంకుల్. నేను చెబుతున్న లెక్క కాదు, గోడ గడియారం చెప్పిన లెక్క. పన్నెండూ ఇరవై నాలుగుకి మైకు పట్టుకున్నారు. పన్నెండూ ముప్పై ఐదుకి వదిలారు. అదీ రెవరెండ్ హోలిన్స్ వచ్చి మీ భుజం మీద చెయ్యి వేస్తే.

కూర్చోండి, లేవకండి. టోపీ ఒళ్ళోనే ఉండనివ్వండి, ఇది చర్చి హాలు. సిస్టర్ మేబ్రీ పీచ్ పళ్ళ కాబ్లర్ పెట్టింది కదా, తింటూ వినండి. నేను అరవను లెండి. అమ్మ ఆ మూల బల్ల దగ్గరే ఉంది. మనిద్దరం నాన్న గురించి ముచ్చట్లు చెప్పుకుంటున్నామనుకోనివ్వండి.

ఇదిగో, ఈ కాగితం చూశారా? పొద్దున గుమ్మంలో తెల్ల చేతి తొడుగుల అమ్మాయి మీ చేతిలో పెట్టింది. మీరు దాంతో విసురుకున్నారు. నేను ముందు వరసలోంచి చూస్తూనే ఉన్నాను. హ్యూస్టన్ ఎండలకి ఎవరైనా విసురుకుంటారు, కాదనను. కానీ విసురుకునే ముందు ఒక్కసారి చదవచ్చు కదా?

చదవండి. పైన నాన్న ఫోటో. ఆర్థెల్ గ్యాస్టన్, 1919 - 1974. కింద ప్రార్థన, పాట, బైబిలు పఠనం. దాని కింద, 'మిత్రుల మాటలు, దయచేసి రెండు నిమిషాలకు మించకుండా.' దయచేసి అన్న మాట కూడా వేయించాను. పక్కింటి సిస్టర్ మేబ్రీకి నాన్నతో ముప్పై ఏళ్ళ స్నేహం. నిమిషంన్నరలో ఏడుపుతో సహా ముగించింది. ఇస్త్రీ షాపులో నాన్న పక్కన నిలబడి పనిచేసిన మిస్టర్ బూన్ 'మంచివాడు, ఎప్పుడూ లేటు రాలేదు' అని కూర్చున్నాడు. తరవాత మీరు లేచారు.

ఆ మిత్రుల మాటల కింద ఏముంది? పైకి చదవక్కర్లేదు, నేనే చదువుతాను. 'శాక్సఫోన్: కుమారి జెర్లిన్ గ్యాస్టన్.'

ఆ ఒక్క వరుస ఎలా సంపాదించానో తెలుసా మీకు? మూడు రోజులు చర్చి పెద్ద డీకన్ టార్వర్‌తో కొట్లాడాను. మన చర్చిలోకి డ్రమ్ములు రావడానికే తాతల కాలం పట్టింది. శాక్సఫోన్ అంటే ఆయన మొహం ఎలా పెట్టాడనుకున్నారు, నేనేదో చచ్చిన ఎలకని తోక పట్టుకుని తెచ్చినట్టు. 'అది బార్లలో ఊదుతూ కౌంటర్ల మీద నడిచిన కొమ్ము కదమ్మా, దాన్ని దేవుడి ముందుకి ఎలా తెస్తావ్' అన్నాడు. కౌంటర్ మీద నడిచింది నాన్న కాళ్ళండీ, కొమ్ము గాల్లోనే ఉంది అన్నాను.

నవ్వకండి. నేను నవ్వించడానికి చెప్పడం లేదు.

బైబిలు కీర్తనల్లో బాకా ఉంది, సితారా ఉంది, తాళాలున్నాయి, శాక్సఫోన్ లేదు అన్నాడు. కీర్తనలు రాసినవాడికి కరెంటు ఫ్యాను కూడా తెలియదు, మరి మీ నెత్తి మీద తిరుగుతున్నదేమిటి అన్నాను. చివరికి రెవరెండ్ కల్పించుకుని ఒప్పించాడు. అది కూడా ఎన్ని షరతులు. ఒక్క చరణం. నెమ్మదిగా. పాదాలు కదలకూడదు. నడుం సంగతి చెప్పనే అక్కర్లేదు. సరే సరే అని అన్నింటికీ తలూపాను. నలభై ఏళ్ళు ఆ వెనక బెంచీలో కూర్చుని, కొమ్ముని కారులో వదిలేసి వచ్చిన మనిషి. ఆయన పెట్టెలో పడుకున్న రోజైనా అది లోపలికి రావాలనుకున్నాను. అంతే నేను కోరుకున్నది.

వచ్చింది. నా ఒళ్ళో కూర్చుంది. మీ మాటలు విని వెనక్కి వెళ్ళింది.

ఏం మాట్లాడారో గుర్తుందా? నాకుంది. ముందు మీరు పుట్టిన ఊరు. తరవాత మీ తాత కోళ్ళు. తరవాత ఆ పట్టు టోపీ ఏ షాపులో కొన్నారో, దాన్ని చూసి మీ రేడియో స్టేషను మేనేజరు ఏమన్నాడో. నాన్న పేరు నాలుగో నిమిషంలో వచ్చింది. అప్పుడు కూడా ఎలా వచ్చింది? లయన్స్ అవెన్యూలో వాన పడుతోందట, మీరు తడవకుండా ఓ క్లబ్బులోకి దూరారట, అక్కడ ఎవరో ఊదుతున్నారట. వాన పడకపోతే నాన్న పుట్టేవాడే కాదన్నట్టు చెప్పారు.

అందరూ నవ్వారు. 'చెప్పు బ్రదర్, చెప్పు' అన్నారు. మీకు ఇంక పట్టపగ్గాల్లేవు.

'ఆర్థెల్ నా గొంతు కింద పరిచిన తివాచీ' అన్నారు. పొగడ్తనుకున్నారు కదూ? తివాచీ, అంకుల్. అంటే మీరు బూట్లతో నడిచేది.

మరి లేచి ఆపొచ్చు కదా అంటారా? ఎలా ఆపను? నోట్లో రీడు ఉంది. ఆ సన్నటి రెల్లు ముక్క తడిగా ఉంటేనే కొమ్ము పలుకుతుంది, ఎండితే పందిపిల్లలా కీచుమంటుంది. మీరు లేచినప్పుడే నోట్లో పెట్టుకున్నాను, రెండు నిమిషాలే కదా అని. కాలేజీ డిబేట్లలో ఎదుటివాణ్ణి మూడో వాక్యంలో కూలదోసేదాన్ని. గంట మోగితే మాత్రం సగం మాట మింగి కూర్చునేదాన్ని. ఇక్కడ గంట లేదు. నోట్లో చెక్కముక్క పెట్టుకుని చంటిపిల్లలా చప్పరిస్తూ కూర్చున్నాను. ఎనిమిదో నిమిషానికి నోరు ఎండిపోయింది. పదో నిమిషానికి ఉమ్మి కూడా లేదు.

తరవాత ఏమైందో తెలిసిందే. శనివారం శ్మశానం గేటు రెండింటికి మూసేస్తారు. రెవరెండ్ ప్రసంగం కుదించుకున్నాడు, నా వరుస ఎగిరిపోయింది. శాక్సఫోన్ వాయించే మనిషిని మెచ్చుకోవడానికి లేచి, శాక్సఫోన్‌ని మింగేశారు. పైగా మట్టి వేసొచ్చి, చేతులు కడుక్కుని, ప్లేటు నిండా చికెన్ పెట్టించుకుని, నా పక్కన కూర్చుని ఏమడిగారు?

మళ్ళీ అనండి. సరే, నేనే అంటాను. 'సోమవారం నాలుగింటికి మీ నాన్న స్మృతిలో రేడియోలో గంటసేపు కార్యక్రమం చేస్తున్నానమ్మా. ఆయన లైట్ స్టార్చ్ పాట డిస్కు మొదట్లో ఒకటే బరబర. నువ్వొచ్చి ఆ మొదలు కాస్త వాయించు.'

బరబరట. దానంతటది వచ్చినట్టు.

ఆ బరబర ఎవరిది, అంకుల్? అది మీ వేలుది. డిస్కు బల్ల మీద పెడతారు, ముల్లు దించుతారు, పాట మొదలయ్యే చోటు దొరికేదాకా వేలితో ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తిప్పుతారు. రేడియోలో అందరూ చేసేదే, నేనేమీ నేరమనడం లేదు. కానీ మామూలు రికార్డైతే అరిగితే ఇంకోటి కొనుక్కుంటారు. ఇది ఒక్కటే. స్టేషన్లో ఆదివారం పొద్దున, అందరూ చర్చిలో ఉండగా, నాన్నా, పియానో మిస్టర్ ఫాంటెనో, ఆ డ్రమ్ముల ఆయనా కలిసి మీ కోసం వాయించిన మెత్తటి లక్క డిస్కు. వారానికి ఆరు రోజులు. పందొమ్మిదేళ్ళు. నాన్న ఊపిరి మొదలయ్యే చోటునే మీ ముల్లు గీకి గీకి ఇసక చేసింది.

ఇంకో కాపీ ఎందుకు లేదు? 'ఇది నా కార్యక్రమానికి సంతకం లాంటి పాట, ఆర్థెల్. ఊళ్ళో ప్రతివాడి ఇంట్లోనూ ఉంటే ఇంక నా దగ్గరికి ఎందుకొస్తారు' అన్నారట. నాన్న దాన్ని గౌరవమనుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాడు.

లైట్ స్టార్చ్ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా ఇవాళ తప్పు చెప్పారు. అదేదో అమ్మాయి నడక చూసి పెట్టలేదు. షాపులో చొక్కాలకి తగిలించే చీటీ మీద రాసి ఉంటుంది, గంజి పలచగా అని. రోజంతా ఆవిరిలో నిలబడి ఆ చీటీలు చదివిన మనిషి పెట్టుకున్న పేరు అది. షాపు మూశాక, వేలాడే కోట్ల మధ్య నిలబడి కట్టుకున్న పాట అది. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేది కాబట్టి ఇంట్లో కొమ్ము పెట్టె తెరిచేవాడు కాదు. కోట్లు విన్నాయి ఆ పాట. మేం వినలేదు.

మేం రేడియోలో విన్నాం. మీరు వినిపించినంత విన్నాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న మీ స్టేషనుకి తీసుకొచ్చాడు, గుర్తుందా? తెల్ల సాక్సులు వేసి. మీ గదిలోనే, డిస్కు బల్లకి ముక్కు ఆనించి చూస్తున్నాను, ఇప్పుడు వింటాను మొత్తం పాట అని. మీరు డిస్కు వదిలారు. కుడిచేత్తో మైకు లాక్కున్నారు. ఎడమచేత్తో ఓ గుండీ తిప్పి నాన్నని తగ్గించారు. మైకు తెరవగానే గదిలో స్పీకరు దానంతటదే ఆగిపోయింది. అలా కట్టారట, మైకులో ఈల రాకుండా. ఆ గదిలో కూడా నాకు మీ గొంతే వినిపించింది. డిస్కు తిరగడం చూశాను. వినడం మాత్రం లేదు.

ఇరవై సెకన్లు. మీరు 'ఊదు బాబూ ఊదు' అనేసరికి నాన్న ఇరవై సెకన్లు ఊదేసి ఉండేవాడు.

అసలు అసహ్యం ఎవరి మీదో చెప్పనా? మీ మీద కాదు. మీరు మాట్లాడతారు, అది మీ పని. నాన్నకి అది ఇష్టం. నాలుగు కొట్టగానే షాపులో ఆవిరి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, రేడియో దగ్గరికి వచ్చేవాడట. తన వాయిద్యం వినడానికి కాదు. మీ నోట తన పేరు వినడానికి. మీరు పేరు అనేదాకా బూన్‌ని దగ్గనిచ్చేవాడు కాదట. అన్నాక, ఇక చాలన్నట్టు, మళ్ళీ ఆవిరి తిప్పేసేవాడు.

ఇంట్లో మేం మాత్రం తక్కువ తిన్నామా? అమ్మ నిద్ర లేచి గరిటె పట్టుకుని నిలబడేది. 'ఆర్థెల్ గ్యాస్టన్' అని మీరు సాగదీసి అనగానే గరిటెతో బల్ల మీద ఒక్కటిచ్చేది. నేను కిటికీలోంచి మేబ్రీ వాళ్ళకి వినిపించేలా 'మా నాన్న' అని కేక పెట్టేదాన్ని. ఆ కేకల్లో తక్కిన పాట సగం పోయేది. అంత అల్పులం. పేరు చాలు మాకు.

ఏమిటి, మంచినీళ్ళా? తాగండి. ఎర్ర సోడా కూడా ఉంది. మీ గొంతు బాగుండాలి, సోమవారం పనుంది.

లేదు, ఇంకా అయిపోలేదు. ఇందాక మీరు పదకొండు తీసుకున్నారు, నాకింకా మిగిలే ఉన్నాయి.

నాన్న పళ్ళు పోయాయి కదా, అరవై నాలుగులో. కింది వరస మొత్తం. కట్టుడుపళ్ళతో కొమ్ము పట్టు చిక్కలేదు. ఆ యేడే నాకిచ్చాడు. పదహారేళ్ళు నాకు. షాపు మూశాక అదే కోట్ల మధ్య నిలబెట్టి నేర్పాడు. చేత్తో నా పొట్ట మీద తట్టి, గాలి ఇక్కణ్ణించి, గొంతులోంచి కాదు అనేవాడు. అన్నీ నేర్పాడు. ఓ రోజు 'లైట్ స్టార్చ్ పట్టు, మొదట్నించీ' అన్నాడు.

పట్టాను. అంటే, పెదాలు బిగించాను. లోపల పాట వెతికాను. ఏమొచ్చిందో తెలుసా, అంకుల్?

మీరొచ్చారు.

'కాలరు సర్దుకో తమ్మీ, కురులు దువ్వుకో చెల్లీ, నాలుగు కొట్టె గడియారం, నడిచొచ్చె పట్టు టోపీ. వెనకాల ఆ ఊపిరి ఎవరిదీ? ఆర్థెల్ గ్యాస్టన్‌దీ. ఊదు బాబూ, ఊదు.'

ఒక్క అక్షరం పొల్లు పోలేదు కదా? ఎక్కడ గాలి పీలుస్తారో కూడా తెలుసు నాకు. 'గడియారం' దగ్గర. దాని కింద నాన్న ఏ స్వరం మీదున్నాడో తెలియదు. ఇరవై ఒకటో సెకను నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని వాయిస్తాను. ఆ ముందుది రాదు. నాకు ఎప్పుడూ రాదు.

'మొదలు ఎవరికి తెలియదు నాన్నా, ఊరందరికీ తెలిసిందే, నడిమి భాగం నేర్పు, అదే కష్టం' అన్నాను. ఎంత తడుముకోకుండా అన్నానో. ఆయన మొహం వెలిగిపోయింది. ఊరందరికీ తెలుసు అన్న మాటకి. నడిమి భాగం నేర్పాడు.

పదేళ్ళు. పదేళ్ళలో ఏ రోజైనా అడగొచ్చు. ఒక్క గ్లాసు మంచినీళ్ళడిగినంత తేలిక. అడగలేదు. నేను తెలియదు అనే మనిషిని కాదు కదా. డీకన్ టార్వర్‌ని మూడు రోజులు దులిపిన నోరు ఇది. 'రాదు నాన్నా' అన్న రెండు మాటలకి తిరగలేదు.

కిందటి వారం మంగళవారం ఆసుపత్రిలో ఆయనే అడిగాడు. గొంతు సన్నగా ఉంది గానీ రాగం తీసే శక్తి ఉంది. అంతకుముందే నర్సుకి ఏదో కూనిరాగం తీసి వినిపించాడు. 'జెర్లిన్, ఆ మొదలు నీకు వచ్చు కదా' అన్నాడు. నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది.

'వచ్చు నాన్నా' అన్నాను.

సరేనని కళ్ళు మూసుకున్నాడు. గురువారం పోయాడు.

ఆ మర్నాడు శుక్రవారం కాలిఫోర్నియాకి ఫోన్ చేశాను, పియానో ఫాంటెనోకి. డ్రమ్ముల ఆయన ఎప్పుడో పోయాడు కదా, మిగిలింది ఈయనొక్కడే. 'అంకుల్, లైట్ స్టార్చ్ మొదలు ఒక్కసారి పాడి వినిపించండి' అన్నాను. 'ఓ, అదెందుకు గుర్తుండదమ్మా' అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. 'కాలరు సర్దుకో తమ్మీ' అని అందుకున్నాడు. రెండో ముక్క దగ్గర ఆగిపోయాడు. తరవాత తన పియానో స్వరాలు గుర్తున్నాయన్నాడు, కింద తను వాయించినవి. పైన నాన్న ఏం వాయించాడో తెలియదట.

అలా చూడకండి. మీరు కన్నీళ్ళు పెట్టుకుంటే నేను లేచి వెళ్ళిపోతాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది అమ్మకి తెలియదు, డీకన్‌కి తెలియదు. ఇవాళ పొద్దున కొమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను చూడండి, ఏం వాయిద్దామని కూర్చున్నాననుకున్నారు? అదే పాట. మొదలు ఏదో ఒకటి అల్లేద్దామనుకున్నాను. నా సొంతంగా. అందరూ అదే నాన్న వాయించిందనుకుంటారు, ఎవడు విన్నాడు గనక? ఆయన పెట్టె ముందు నిలబడి, ఆయన నోట్లో నా స్వరాలు పెడదామనుకున్నాను. దానికి మూడు రోజుల పోరాటం, కీర్తనలు, బాకాలు.

మీరు లేచారు. మూడో నిమిషంలో మండిపోయాను. ఐదో నిమిషంలో, అంకుల్, ఐదో నిమిషంలో నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఈయన్ని ఆపకు ప్రభూ అని. ఇంకా మాట్లాడనీ. ఆ తాత కోళ్ళ సంగతి మళ్ళీ మొదట్నించీ చెప్పినా సరే.

రెవరెండ్ నా వరుస కొట్టెయ్యలేదు. ఇందాక అబద్ధం చెప్పాను. ఆయన నావైపు చూశాడు. కనుబొమలెత్తి, వాయిస్తావా అమ్మా అన్నట్టు. టైముంది. ఒక్క చరణానికి టైముంది. నేను నోట్లోంచి రీడు తీసి, రుమాల్లో చుట్టి, తల అడ్డంగా ఊపాను. అది అప్పటికి బాగానే తడిసి ఉంది కూడా. నోరు ఎండిందన్నదీ అబద్ధమే.

ఇక్కడికొచ్చి మీ మీద విరుచుకుపడ్డాను. ఎవరో ఒకరి మీద పడాలి కదా. మీరు సులువుగా దొరికారు. రుచిగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

చాలు, ఆ టోపీ నలపకండి, పాడైపోతుంది.

సోమవారం వస్తాను. నాలుగింటికి పది నిమిషాల ముందే వస్తాను. డిస్కు బయటికి తియ్యకండి, ఆ బరబర నాకు వద్దు. కొమ్ము నా దగ్గరుంటుంది, మీ బల్ల ఎదురుగా నిలబడతాను. మీరు ఎప్పటిలాగే కాలరు సర్దుకో తమ్మీ అని మొదలుపెట్టండి. వెనకాల ఆ ఊపిరి ఎవరిది అని అడగండి. పేరు సాగదీసి చెప్పండి, నాన్నకి ఇష్టమైనట్టు. నేను కొమ్ము నోటికి ఆనించుకుని ఊరికే నిలబడతాను. ఊళ్ళో వాళ్ళు మీ మాటల కింద పాట నడుస్తోందనుకుంటారు. పందొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నారు, ఇంకో రోజు అనుకుంటారు. మీరు ఊదు బాబూ అనగానే నేను అందుకుంటాను.

ప్లేటు ఇలా ఇవ్వండి, కడిగే చోట పెట్టేస్తాను. ఇంకొంచెం కాబ్లర్ తెమ్మంటారా? వద్దా?

సరే. కానీ ఆ ఇరవై సెకన్లూ మాత్రం నోరు మూయకండి.